ఇంట్లోనే కారుకి స్టెయిన్‌లెస్ స్టీల్ సైలెన్సర్ లైన్: పైపు కొనే దగ్గర నుంచి చివరి వెల్డింగ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో కారు కింద పొడవునా వెళ్లే ఎగ్జాస్ట్ లైన్‌ని, అంటే మనం మామూలుగా సైలెన్సర్ పైపు అంటాం కదా, దాన్ని స్టెయిన్‌లెస్ స్టీల్‌తో ఇంట్లోనే ఎలా చేసుకోవాలో చెప్తాను. నేను చేసింది మా ఇంట్లో ఉన్న పాత స్విఫ్ట్ పెట్రోల్‌కి. 1298 సీసీ ఇంజిన్, మొదటి తరం మోడల్. మీ కారు వేరే అయినా పర్లేదు. లెక్కలు ఎలా వేయాలో చెప్తాను, మీ కారు నంబర్లు మీరు వేసుకోండి.

ముందే ఒక మాట. "సౌండ్ అదిరిపోవాలి బ్రో" అనుకుని ఇది చదువుతుంటే కొంచెం నిరాశపడతారు. నేను చెప్పేది తుప్పు పట్టని, లీక్ అవ్వని, పక్కింటివాళ్లు తిట్టుకోని లైన్ గురించి. పవర్ విషయం కూడా ఇప్పుడే తేల్చేద్దాం. చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత పైపు మార్చినంత మాత్రాన సీట్లో కూర్చున్నవాళ్లకి తెలిసేంత పవర్ రాదు. మరి ఎందుకు చేయడం? మా కారుకి మైల్డ్ స్టీల్ సైలెన్సర్ రెండుసార్లు లోపలి నుంచి తినేసింది. మూడోసారి కూడా అదే కొనడం ఇష్టం లేక చేశాను.

అసలు సైలెన్సర్ లోపలి నుంచి ఎందుకు కుళ్లిపోతుంది? వర్షం వల్ల అనుకుంటాం. కానీ అసలు నీళ్లు ఇంజిన్‌లోంచే వస్తాయి. పెట్రోల్‌లో హైడ్రోజన్ ఉంటుంది, అది మండితే నీరవుతుంది. లెక్క వేస్తే ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు ఆవిరిగా బయటికి వస్తాయి. దూర ప్రయాణం చేస్తే పైపు మొత్తం వేడెక్కి ఆ ఆవిరి వెళ్లిపోతుంది. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కి, అక్కడి నుంచి ఇంటికి, ఇలా రెండు మూడు కిలోమీటర్లు తిప్పే కారులో మాత్రం సైలెన్సర్ డబ్బా వేడెక్కేలోపే ఇంజిన్ ఆపేస్తాం. ఆవిరి చల్లబడి నీరై డబ్బా అడుగున నిలుస్తుంది. పొగలోని ఆమ్లాలు అందులో కలుస్తాయి. ఇక డబ్బా ఎన్నాళ్లు ఆగుతుంది చెప్పండి? వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో అయితే బయటి నుంచి ఉప్పు గాలి కూడా తోడవుతుంది.

సరే, స్టెయిన్‌లెస్ అన్నాం. అన్ని స్టెయిన్‌లెస్‌లూ ఒకటి కాదు. మీకు మూడు నంబర్లు తెలిస్తే చాలు.

మొదటిది 409. క్రోమియం సుమారు 11 శాతం. అయస్కాంతం అతుక్కుంటుంది. కార్ల కంపెనీలు ఎక్కువగా వాడేది ఇదే. పైన గోధుమరంగు తుప్పు పొర కనిపించినా తొందరగా చిల్లు పడదు. రెండోది 304. క్రోమియం 18, నికెల్ 8 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మంచి వంటపాత్రలు, పాల డెయిరీ పైపులు దీనితోనే చేస్తారు. మన పనికి ఇదే. మూడోది 202. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన రకం. మెట్ల రెయిలింగులు, గేట్లకి వాడతారు. కొత్తలో 304 లాగే తళతళలాడుతుంది. వేడి, తడి, ఆమ్లం కలిసిన చోట మాత్రం 304 అంత ఆగదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "అయస్కాంతం పెట్టి చూడు, అతుక్కోకపోతే 304" అని చెప్తుంటారు. అది తప్పు. 202కి కూడా అయస్కాంతం సరిగ్గా అతుక్కోదు. అయస్కాంతంతో 409ని పక్కన పెట్టగలం గానీ 202ని, 304ని విడదీయలేం. మాంగనీస్ టెస్ట్ కోసం చుక్కల మందు దొరుకుతుంది. చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే రంగు మారడాన్ని బట్టి 202 అని తెలిసిపోతుంది. నేను పైపు కొనడానికి వెళ్లిన మొదటి షాపులో "పక్కా 304 సార్" అన్నారు. చుక్క వేస్తే 202 అని తేలింది. డబ్బు ఇవ్వకముందే కాబట్టి నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను. పెద్ద స్క్రాప్ డీలర్ల దగ్గర తుపాకీలా ఉండే ఎక్స్-రే మెషిన్ ఉంటుంది, అది నిమిషంలోపే లోహంలో ఏముందో శాతాలతో చెప్పేస్తుంది. అది కుదరకపోతే మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి.

తర్వాత సైజు. ఇది ఇంకో ఉచ్చు. షాపుకెళ్లి "2 ఇంచుల పైపు ఇవ్వండి" అంటే వాళ్లు రెండు రకాలు ఇవ్వొచ్చు. ఎన్‌బీ లెక్కలో 2 ఇంచులంటే బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. ఓడీ లెక్కలో 2 ఇంచులంటే 50.8 మిల్లీమీటర్లు. ప్లంబింగ్, ఫ్యాక్టరీ పైపులు ఎన్‌బీలో చెప్తారు. కారు ఎగ్జాస్ట్ ట్యూబులు, డెయిరీ ట్యూబులు ఓడీలో చెప్తారు. ఒకచోట ఇదీ ఇంకోచోట అదీ కొంటే ఒకదానికొకటి కూర్చోవు. అందుకే జేబులో వెర్నియర్ పెట్టుకుని వెళ్లండి, ఇంచులు వదిలేసి మిల్లీమీటర్లలో అడగండి.

మరి మన కారుకి ఎంత సైజు కావాలి? లెక్క వేద్దాం, భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కే. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. 1.3 లీటర్ల ఇంజిన్ 6000 ఆర్‌పీఎం మీద ఉంటే నిమిషానికి 3900 లీటర్లు, అంటే సెకనుకి 65 లీటర్లు. ఇంజిన్ ఎప్పుడూ నూటికి నూరు శాతం నిండదు కాబట్టి 55 లీటర్లు అనుకుందాం. ఆ గాలి బయటికొచ్చేటప్పుడు 500 డిగ్రీల వేడిలో ఉంటే రెండున్నర రెట్లకు పైగా ఉబ్బుతుంది. అంటే సెకనుకి సుమారు 140 లీటర్లు.

ఇప్పుడు పైపు మందం 1.6 మిల్లీమీటర్లు అనుకుంటే, 50.8 పైపులో ఆ పొగ సెకనుకి దాదాపు 80 మీటర్ల వేగంతో వెళ్తుంది. 44.5 పైపులో అయితే దాదాపు 105 మీటర్లు. 63.5 పైపులో 50 మీటర్లే. సెకనుకి 75 నుంచి 90 మీటర్ల మధ్య ఉంచుకుంటే చాలనేది పైపు చేసేవాళ్లు పాటించే మోటు లెక్క. కాబట్టి ఈ ఇంజిన్‌కి 50.8 సరిపోతుంది. రెండున్నర ఇంచులు వేస్తే లాభం ఉండదు. బరువు పెరుగుతుంది, శబ్దం పెరుగుతుంది, స్పీడ్ బ్రేకర్ల మీద నేలకి తగిలే ఛాన్స్ పెరుగుతుంది.

"ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి కదా అన్నా" అని అడుగుతారు. కాదు. పొగని వెనక్కి తోసే ఒత్తిడి ఏ ఇంజిన్‌కీ మేలు చేయదు. కావాల్సింది వేగం. మానిఫోల్డ్‌లో పొగ వేగంగా పోతుంటే వెనక కొంచెం ఖాళీ ఏర్పడి తర్వాతి సిలిండర్‌లో మిగిలిన పొగని లాగుతుంది. పైపు అతిగా పెద్దదైతే ఆ ఊపు పోతుంది. అది చూసి జనం "బ్యాక్ ప్రెషర్ పోయింది" అంటారు. పోయింది వేగం అన్నమాట.

మన పని ఎక్కడ మొదలవుతుంది? క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత. క్యాట్‌ని, దాని ముందు భాగాన్ని నేను ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోకండి. విషవాయువుల్ని శుభ్రం చేసేది అదే. దాని ముందు ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అక్కడ చిన్న లీక్ వచ్చినా పొగ కొట్టుకునే దెబ్బల మధ్య బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ "పెట్రోల్ తక్కువైంది" అనుకుంటుంది, కంప్యూటర్ ఇంకొంచెం పెట్రోల్ పోస్తుంది, మైలేజ్ పడిపోతుంది. కొన్ని కార్లకి క్యాట్ తర్వాత కూడా ఇంకో సెన్సర్ ఉంటుంది. ఉంటే దాని చోటు కూడా కదపొద్దు.

ఇప్పుడు శబ్దం. సైలెన్సర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి లోపల గదులు గదులుగా ఉండి శబ్దాన్ని అటూ ఇటూ కొట్టించి చంపేది. రెండోది మధ్యలో చిల్లుల పైపు, దాని చుట్టూ గాజు ఉన్ని లాంటిది నింపింది. గదులది లావు శబ్దాన్ని బాగా ఆపుతుంది, ఉన్నిది సన్న శబ్దాన్ని బాగా ఆపుతుంది. నేను మధ్యలో ఒక చిన్న ఉన్ని డబ్బా, వెనక కంపెనీ సైజుకి దగ్గరగా ఉండే గదుల డబ్బా పెట్టాను. రెండూ రెడీమేడ్ స్టెయిన్‌లెస్‌వే. డబ్బా కూడా ఇంట్లోనే చేయొచ్చు గానీ మొదటిసారి వద్దు.

ఇంకోటి ఉంది, డ్రోన్ అంటారు. హైవే మీద ఒకే స్పీడ్‌లో వెళ్తుంటే కారంతా "బూమ్" అని మోగి తలనొప్పి వస్తుంది, అదే. ఇది కూడా లెక్కే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి చుట్టుకి రెండుసార్లు మంట వస్తుంది. 3000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 50 చుట్లు, 100 దెబ్బలు. అంటే 100 హెర్ట్జ్ మోత. దీన్ని చంపడానికి మెయిన్ పైపు పక్కన చివర మూసేసిన ఒక కొమ్మ పైపు పెడతారు. దాని పొడవు ఆ శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో శబ్దం మామూలు గాలిలోకన్నా వేగంగా పోతుంది. 250 డిగ్రీల దగ్గర సెకనుకి సుమారు 460 మీటర్లు. 460ని 100తో భాగిస్తే 4.6 మీటర్లు, అందులో నాలుగో వంతు 1.15 మీటర్లు. ఆ కొమ్మలోకి పోయిన శబ్దం చివర తగిలి తిరిగొచ్చేసరికి మెయిన్ శబ్దానికి ఎదురు పడి రెండూ కొట్టేసుకుంటాయి. ముందు లైన్ బిగించి నడిపి చూడండి. మోత ఉంటే ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో రాసుకుని అప్పుడు ఈ కొమ్మ చేయండి. నా కారుకి అవసరం పడలేదు.

సరే, సామాన్లు. నేరుగా ఉండే ట్యూబ్ ఎక్కడైనా దొరుకుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెతకండి. వంపులకే అసలు తిప్పలు. మామూలు బెండింగ్ మెషిన్ మీద వంచితే మలుపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది. లోపల మాండ్రెల్ పెట్టి వంచినవి కావాలి. నేను కనిపెట్టిన దారి ఏంటంటే, పాల డెయిరీలకి సామాను అమ్మే షాపులు. అక్కడ 50.8 ఓడీలో 304 రకం 90 డిగ్రీలు, 45 డిగ్రీల బెండ్లు రెడీగా దొరుకుతాయి. లోపల నున్నగా ఉంటాయి. మందం మన ట్యూబ్‌తో కలుస్తుందో లేదో మాత్రం చూసుకోండి.

బెండ్ దొరకని కోణానికి ముక్కలు కోసి అతికించొచ్చు. నిమ్మకాయ చక్రాన్ని ఏటవాలుగా కోసినట్టు, ప్రతి ముక్కకి రెండు వైపులా 9 డిగ్రీలు కోస్తే ఒక్కో ముక్క 18 డిగ్రీలు తిరుగుతుంది. ఐదు ముక్కలు కలిపితే 90. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. వెల్డింగ్ మాత్రం చాలా పెరుగుతుంది. ప్రతి వెల్డ్ ఒక లీక్ అవకాశం అని గుర్తుపెట్టుకోండి.

ట్యూబ్‌ని కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి ఈ ఫార్ములా రాసుకోండి. బయటి వ్యాసంలోంచి మందం తీసేసి, వచ్చినదాన్ని మందంతో, తర్వాత 0.0249తో గుణిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. మనకి 50.8 లోంచి 1.6 తీసేస్తే 49.2. దాన్ని 1.6తో, 0.0249తో గుణిస్తే మీటరుకి సుమారు 1.96 కిలోలు. మూడు మీటర్లకి ఆరు కిలోల లోపే. కాటా మీద ఇంకా తక్కువ చూపిస్తే మందం తగ్గిందన్నమాట. అప్పుడు వెర్నియర్ తీయండి.

కోసే ముందు నమూనా. దీనికి మన బోరు పైపులే బెస్ట్. 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు బయటి సైజు మన 50.8కి దాదాపు సమానం. కారు చల్లగా ఉన్నప్పుడు పీవీసీ ముక్కలు, టేపుతో కింద లైన్ మొత్తం కట్టి చూసుకోండి. ఎక్కడ తగులుతోంది, ఎక్కడ ఎంత కోణం, అన్నీ తెలిసిపోతాయి. చుట్టూ కనీసం ఒక ఇంచు ఖాళీ ఉండాలి. పెట్రోల్ ట్యాంక్, ఫ్యూయల్ లైన్, బ్రేక్ హోస్ దగ్గర ఇంకా ఎక్కువ ఉండాలి. కంపెనీ ఇచ్చిన వేడి రేకుల్ని తీసి పారేయొద్దు.

కారు కింద దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు. జాకీ ఎత్తడానికి మాత్రమే. మోయడానికి స్టాండ్లు కావాలి. స్టాండ్లు గట్టి నేల మీద పెట్టి, చక్రాలకి అడ్డం వేసి, కారుని చేత్తో బలంగా ఊపి చూశాకే కిందికి వెళ్లండి. ఇటుకలు, బండరాళ్లు పెట్టి దూరిపోయే వీడియోలు చూసి ఎవరూ ట్రై చేయొద్దు.

స్టీల్ వేడికి ఎంత సాగుతుందో చాలామంది పట్టించుకోరు. 304 మామూలు ఇనుముకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. మూడు మీటర్ల లైన్ 300 డిగ్రీలు వేడెక్కితే 15 మిల్లీమీటర్లకి పైగా పొడుగవుతుంది. దాన్ని రెండు చివరలా గట్టిగా బిగించేస్తే ఆ సాగుడు ఎక్కడికి పోవాలి? ఏదో ఒక వెల్డ్ పగులుతుంది. పైగా ఇంజిన్ కూడా స్టార్ట్ చేసినప్పుడల్లా ఊగుతుంది. అందుకే ముందు భాగంలో ఫ్లెక్స్ పైపు గానీ స్ప్రింగ్ బోల్టుల జాయింట్ గానీ ఉండాలి. మిగతా లైన్ మొత్తం రబ్బర్ హ్యాంగర్ల మీద ఊయలలా వేలాడాలి. హ్యాంగర్ కడ్డీలు కూడా స్టెయిన్‌లెస్‌వే వాడండి, కంపెనీ హ్యాంగర్లు ఎక్కడున్నాయో అక్కడే పెట్టండి.

కోతకి పల్చటి కటింగ్ చక్రం చాలు, కానీ అది స్టెయిన్‌లెస్ కోసం చేసినదై ఉండాలి, ఇంతకుముందు ఇనుము కోసింది కాకూడదు. ఇనుప రజను స్టెయిన్‌లెస్‌లో ఇరుక్కుంటే అక్కడే తుప్పు మొదలవుతుంది. వైర్ బ్రష్ కూడా స్టెయిన్‌లెస్‌దే విడిగా పెట్టుకోండి. కోశాక అంచుల్ని ఆకురాయితో నున్నగా చేసి, రెండు ముక్కలు కలిపి వెలుతురుకి పట్టి చూడండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్లీ రుద్దండి. పల్చటి ట్యూబ్ వెల్డింగ్‌లో సగం విజయం ఇక్కడే ఉంది. తర్వాత అసిటోన్‌తో తుడవండి. బ్రేక్ క్లీనర్‌తో మాత్రం వద్దు. కొన్నిటిలో క్లోరిన్ ఉంటుంది. వెల్డింగ్ వేడికి, వెలుతురుకి అది ఫాస్జీన్ అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే.

వెల్డింగ్‌కి టిగ్ వాడాలి. స్టెయిన్‌లెస్‌కి డీసీ మెషిన్ చాలు. ఏసీ ఉన్న ఖరీదైన మెషిన్ అల్యూమినియంకే కావాలి. ఇంటి కరెంటు సరిపోతుందా అని అడుగుతారు. ఈ మందానికి మనం వాడేది 40 నుంచి 60 ఆంపియర్లే. ఆ లెవెల్లో మెషిన్ మన గీజర్ కంటే తక్కువే లాగుతుంది. ఎర్తింగ్ మాత్రం సరిగ్గా ఉండాలి. టంగ్‌స్టన్ 1.6 మిల్లీమీటర్లది, లాంథనం కలిపిన రకం తీసుకోండి. ఎర్ర మొన ఉండే థోరియం రకం వద్దు, దాన్ని సానపట్టినప్పుడు వచ్చే దుమ్ము రేడియోధార్మికం. 304ని 304కి అతకడానికి 308ఎల్ ఫిల్లర్ రాడ్. స్టెయిన్‌లెస్‌ని మామూలు ఇనుప ఫ్లాంజ్‌కి అతకాలంటే 309ఎల్.

ఆర్గాన్ గ్యాస్ టార్చ్‌కి నిమిషానికి 7 నుంచి 10 లీటర్లు పెట్టండి. 7 ఘనమీటర్ల సిలిండర్ అంటే 7000 లీటర్లు. నిమిషానికి 8 చొప్పున 14 గంటలకి పైగా వస్తుంది. సిలిండర్‌ని గోడకి గొలుసుతో కట్టేయండి. అది పడి వాల్వ్ విరిగితే లోపలి ఒత్తిడికి రాకెట్ అవుతుంది.

ఇప్పుడు అందరూ వదిలేసే అసలు విషయం. పైన టార్చ్ గ్యాస్ వెల్డ్‌ని కాపాడుతుంది. మరి పైపు లోపలి వైపు? అక్కడ మామూలు గాలే ఉంటుంది. వేడెక్కిన స్టెయిన్‌లెస్‌కి ఆక్సిజన్ తగిలితే లోపల నల్లగా, గరుగ్గా, మాడిన బెల్లం పాకంలా గడ్డకడుతుంది. బయటి నుంచి చూస్తే వెల్డ్ బంగారంలా ఉంటుంది, లోపల మాత్రం క్రోమియం కాలిపోయి ఉంటుంది. అక్కడే పగుళ్లు, అక్కడే తుప్పు. డబ్బు పెట్టి 304 కొని, దాన్ని వెల్డ్ దగ్గర మామూలు ఇనుము చేసుకున్నట్టే.

దీనికి మందు పర్జింగ్. పైపు రెండు చివరలా అల్యూమినియం ఫాయిల్, టేపుతో మూసి, ఒక వైపు నుంచి సన్న గొట్టంతో ఆర్గాన్ వదలాలి, రెండో వైపు చిన్న చిల్లు ఉంచాలి. ఆర్గాన్ గాలికంటే బరువు. అందుకే కింద నుంచి వదిలితే గాలిని పైకి తోసేస్తుంది. మూడు మీటర్ల మన ట్యూబ్ లోపల పట్టేది ఐదున్నర లీటర్ల లోపే. నిమిషానికి 5 లీటర్లు పెట్టి ఐదారు నిమిషాలు ఆగితే లోపలి గాలి ఐదుసార్లు మారినట్టు. తర్వాత గ్యాస్ కొంచెం తగ్గించి వెల్డ్ చేయండి. చిల్లు మూసేయొద్దు. మూస్తే లోపలి ఒత్తిడి కరిగిన లోహాన్ని బయటికి ఊదేస్తుంది.

ముందు నాలుగు వైపులా నాలుగు చుక్కలు, అంటే టాక్‌లు వేయండి. ఆ తర్వాత ఒకేసారి చుట్టూ లాగించేయకుండా కొంచెం ఇటు, కొంచెం ఎదురు వైపు వేస్తూ రండి. స్టెయిన్‌లెస్ వేడిని తొందరగా పంచుకోదు, ఒకే చోట కూడబెట్టుకుని వంకరపోతుంది. రంగు చూస్తే పని ఎలా జరిగిందో తెలుస్తుంది. లేత పసుపు, బంగారు రంగు వస్తే మంచిది. నీలం వస్తే పర్లేదు. బూడిద, నలుపు వస్తే వేడి ఎక్కువైంది, ఆంపియర్లు తగ్గించి చెయ్యి కొంచెం వేగంగా కదపండి. పాడైపోయినా బాధలేని ముక్కల మీద పదిహేను ఇరవై జాయింట్లు చేసి, అడ్డంగా కోసి లోపల చూశాకే అసలు పైపు ముట్టుకోండి.

టిగ్ రాదంటే? సిగ్గుపడాల్సిన పని లేదు. కొలత, కోత, అమరిక మీరు చేసి, గుర్తులు గీసి, వెల్డింగ్ ఒక్కటి బయట చేయించుకోండి. ఎవరి దగ్గర అంటే, ఫార్మా కంపెనీలకి, డెయిరీలకి పైపులు వేసే వెల్డర్ల దగ్గర. జీడిమెట్ల, పాశమైలారం, వైజాగ్ పక్కన పరవాడ, ఈ చుట్టుపక్కల ఇలాంటివాళ్లు ఉంటారు. మందుల కంపెనీలో పైపు లోపల నల్లటి పొర ఉంటే ఒప్పుకోరు కాబట్టి పర్జింగ్ వాళ్లకి రోజువారీ పని. మీ పేటలో గేట్లు చేసే షాపులో ఆ అలవాటు ఉండదు.

మీ ఒంటి సంగతి కూడా చూసుకోండి. స్టెయిన్‌లెస్ వెల్డింగ్ పొగలో హెక్సావాలెంట్ క్రోమియం ఉంటుంది, క్యాన్సర్ తెచ్చేది. గుడ్డ మాస్క్ దానికి పనికిరాదు, వెల్డింగ్ పొగ కోసం చేసిన ఫిల్టర్ మాస్క్ కావాలి. టిగ్ వెలుతురు చర్మాన్ని ఎండ కంటే ఘోరంగా కాలుస్తుంది, కాబట్టి పొట్టి చేతుల బనీను వద్దు. ఆర్గాన్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. షట్టర్ దించేసిన గదిలో అది నేల మట్టం నుంచి నిండుకుంటూ వస్తే ఊపిరాడట్లేదని తెలిసేలోపే పడిపోతారు. షట్టర్ ఎత్తి ఉంచండి, ఫ్యాన్ గాలి మాత్రం నేరుగా టార్చ్ మీద పడకూడదు. కారు మీద ఉండగా వెల్డింగ్ పెట్టుకోకండి. పెట్రోల్ ట్యాంక్ పక్కనే ఉంటుంది, కంప్యూటర్‌కి కూడా ప్రమాదం. కారు కింద గుర్తులు గీసి, టేపు చుట్టి, కిందికి దించి బల్ల మీద వెల్డ్ చేయండి.

అయిపోయాక టెస్ట్. బిగించకముందే చివరలు మూసి, కొంచెం గాలి పెట్టి, ప్రతి వెల్డ్ మీద సబ్బు నీళ్లు రాయండి. సైకిల్ ట్యూబ్ పంక్చర్ వెతికినట్టే. బుడగ వస్తే అక్కడ మళ్లీ వెల్డ్. ఈ పనిలో బద్ధకం వద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తేసిన కారులో వెనక సీట్లో మా అమ్మమ్మ పడుకుని ఉంటుంది. ఆమెకి తలనొప్పి వచ్చిందంటే ప్రయాణం వల్ల అనుకుంటాం గానీ సైలెన్సర్ మీద అనుమానం రాదు. అందుకే వెల్డ్ అందంగా ఉందా లేదా అన్నది నాకు రెండో విషయం. బుడగ రాకూడదు, అది మొదటిది. పైపు చివర కూడా బంపర్ దాటి బయటికి రావాలి. లోపలికే ఆగిపోతే పొగ డిక్కీ కింద తిరిగి సందుల్లోంచి లోపలికి చేరుతుంది.

బిగించాక బయట ఖాళీ స్థలంలో స్టార్ట్ చేసి, పది నిమిషాలు నడిపి, చల్లారాక బోల్టులన్నీ మళ్లీ బిగించండి. వందో రెండొందలో కిలోమీటర్లు తిరిగాక హ్యాంగర్లు, జాయింట్లు ఇంకోసారి చూడండి. కొత్తలో కొంచెం పొగ, వాసన వస్తాయి. అది చేతి జిడ్డు, నూనె కాలడమే. తర్వాత పొల్యూషన్ చెక్ చేయించి సర్టిఫికెట్ తీసుకోండి.

చివరగా చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52, ఆర్‌సీలో ఉన్న వివరాలకి, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని చెప్తుంది. 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 120వ రూల్ సైలెన్సర్ తప్పనిసరి అంటుంది. శబ్దం, పొగ పరిమితులు దాటితే సెక్షన్ 190 కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. మోడిఫై చేసిన సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించే వీడియోలు మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. అందుకే నా లైన్‌లో క్యాట్ కదపలేదు, డబ్బాలు రెండూ ఉంచాను, శబ్దం పాత సైలెన్సర్ కంటే పెరగకుండా చూసుకున్నాను. సొంత బండికి మొదటి 15 ఏళ్లు అయ్యాక ఆర్‌సీ మళ్లీ ఐదేళ్లకి పొడిగించాలంటే ఫిట్‌నెస్ చూపించాలి. పాత కారు ఉన్నవాళ్లు ఇది అసలు మర్చిపోవద్దు.

ఇదండీ సంగతి. ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. ఉదయం కారు చల్లగా ఉన్నప్పుడు వెనక వంగి ఒకసారి సైలెన్సర్ అడుగు చూడండి. అతుకుల దగ్గర నల్లటి మసి చారలు కనిపిస్తే లీక్ ఉన్నట్టే. స్టెయిన్‌లెస్ చేసుకుంటారో, మెకానిక్ దగ్గర మామూలుది మార్పించుకుంటారో మీ ఇష్టం, కానీ ఆ లీక్‌తో మాత్రం ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని తిరగకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.